మంద్ర స్వరానికీ ఒక పాట కావాలి

సంగీతంలో తార స్థాయికి లభించిన గౌరవం మంద్ర స్థాయికి ఎన్నడూ లభించలేదు. పెండ్లి ఊరేగింపులో సాగే బ్యాండు మేళాన్ని ఒక్కసారి పరికించి చూడండి. పాటను క్లారినెట్టు నడిపిస్తుంది, ట్రంపెట్టు అందుకుంటుంది. జనం చూపు వాటి మీదనే నిలుస్తుంది, చదివింపుల రూపాయలు ఆ వాయించేవారి చేతికే చేరుతాయి. వెనుక వరుసలో భుజం నొచ్చేటట్లు పెద్ద బాకాను మోసే మనిషి, అతని పక్కన యుఫోనియం ఊదే మనిషి, గొట్టాన్ని ముందుకూ వెనుకకూ జరిపే ట్రాంబోన్ మనిషి రాత్రంతా రెండే స్వరాలు పలికిస్తారు. ఒకటి షడ్జమం, రెండవది పంచమం. వారు ఆగిపోతే పాట గుల్లబారుతుంది. వారు ఊదుతున్నంతసేపూ వారున్నట్లే ఎవరికీ తోచదు.

ఈ వెనుక వరుస మనుషుల పక్షాన మేము ఒక ప్రతిపాదన చేయదలచినాము. మూడు వందల ఏండ్ల క్రిందట ఐరోపాలో బరోక్ యుగమని పిలువబడిన కాలంలో పుట్టిన కన్చెర్టోలను మంద్ర స్థాయి ఇత్తడి వాద్యాలకు అనువుగా అమర్చి, రంపచోడవరంలో, మన విద్యార్థుల చేత వాయింపజేయాలన్నదే ఆ ప్రతిపాదన. ఏజెన్సీ కొండల నడుమ వెనీసు నగరపు సంగీతమేమిటని విన్నవారు నవ్వవచ్చు. నవ్వేముందు మా వాదాన్ని చివరివరకు ఆలకించవలసినదిగా పాఠకులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ మా మనవి.

కన్చెర్టో అనగానే అదేదో మనకు అందని వస్తువని భయపడనక్కర లేదు. బుర్రకథ ఎరిగినవారికి కన్చెర్టో సగం తెలిసినట్లే. కథకుడు తంబుర మీటుతూ కథ నడుపుతాడు. ఇరుపక్కల గుమ్మెటలతో నిలిచిన వంతలు అతని మాటను అందుకుంటారు, ఎదురు ప్రశ్న వేస్తారు, తందాన తానతో కథను మళ్లీ దారికి తెస్తారు. పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి బుర్రకథలో ఒంటరి గొంతుకూ కూడిన గొంతులకూ నడుమ సాగిన ఈ ఇచ్చిపుచ్చుకోవడమే జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టినది. కన్చెర్టోలో కథకుని స్థానం ఒక ఏకాకి వాద్యానిది, వంతల స్థానం తక్కిన బృందానిది. బృందం ఒక పల్లవి వంటి ఖండాన్ని వాయిస్తుంది. ఏకాకి వాద్యం దానిని విడిచి స్వేచ్ఛగా విహరిస్తుంది. బృందం మళ్లీ పల్లవి అందుకుంటుంది. భేదమొక్కటే. మన పల్లవి ఎన్నిసార్లు తిరిగి వచ్చినా ఒకే శ్రుతి మీద నిలుస్తుంది. వారి పల్లవి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త ఆధార షడ్జమం మీద దిగి, చివరకు బయలుదేరిన శ్రుతికే ఇల్లు చేరుతుంది.

ఈ ప్రక్రియను నిండుగా పండించినవాడు 1678లో వెనీసులో జన్మించిన ఆంటోనియో వివాల్ది. ఆయన వృత్తిరీత్యా మతగురువు. 1703 నుండి పియెటా అనే అనాథాశ్రమంలో ఆడపిల్లలకు వయొలిన్ నేర్పినాడు. తల్లిదండ్రులు విడిచిపెట్టిన ఆ బాలికల వాద్యబృందాన్ని వినడానికి ఐరోపా నలుమూలల నుండి ప్రయాణికులు వచ్చేవారు. ఆయన రచించిన కన్చెర్టోలు సుమారు 500. వాటిలో అధిక భాగం వయొలిన్ కొరకే వ్రాసినవి కావడంలో వింత లేదు. ఐతే దాదాపు నలభై కన్చెర్టోలు బసూన్ అనే మంద్ర స్థాయి సుషిర వాద్యం కొరకూ, పాతికకు పైగా చెల్లో కొరకూ వ్రాసినాడన్నది మనం గమనింపదగిన విషయం. ఆనాడు ఈ రెండు వాద్యాలకు మామూలుగా దక్కిన పని, వెనుక నిలిచి ఆధార స్వరాన్ని మోయడమే. వివాల్ది వాటిని సభ ముందుకు పిలిచి కథకుని పీట వేసినాడు. లోకం విడిచిన పిల్లల చేతికి వాద్యమిచ్చిన వాడే, వెనుక వరుసలోని వాద్యానికి పాట ఇవ్వడం మాకు ఎంతో అర్థవంతంగా తోస్తున్నది.

మరి ఆయన యుఫోనియానికీ, ట్యూబాకూ ఎందుకు వ్రాయలేదు? అవి అప్పటికింకా పుట్టలేదు. ట్రాంబోన్ ఉన్నది గాని, అది ఎక్కువగా ప్రార్థన మందిరాలలో గాయకులకు తోడుగా నిలిచేది. ఇత్తడి గొట్టానికి మీటలు అమర్చి అన్ని స్వరాలూ పలికించే ఉపాయానికి ష్టోల్ట్‌సెల్, బ్లూమెల్ అనే ఇద్దరు ప్రష్యాలో 1818లో పేటెంటు పొందినారు. బాస్ ట్యూబాకు బెర్లినులో 1835లో పేటెంటు లభించినది. యుఫోనియం 1840ల నాటిది. వివాల్ది 1741లోనే కన్నుమూసినాడు. కనుక మంద్ర ఇత్తడి వాద్యాలకు బరోక్ కన్చెర్టో కావాలంటే, ఒక వాద్యం కొరకు పుట్టిన దానిని మరొక వాద్యానికి అమర్చుకొనడం తప్ప వేరు దారి లేదు.

ఒకరి రచనను మరొక వాద్యానికి మార్చడం అపచారం కాదా అని కొందరు అడుగుతారు. దీనికి యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఏనాడో సమాధానం చెప్పినాడు. వివాల్ది కన్చెర్టోలు పన్నెండు 1711లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయినవి. వైమార్ ఆస్థానంలో ఉద్యోగం చేస్తున్న యువకుడైన బాఖ్ వాటిలో కొన్నింటిని ఆర్గనుకూ హార్ప్సికార్డుకూ మార్చి వ్రాసుకున్నాడు. తరువాతి కాలంలో నాలుగు వయొలిన్ల కన్చెర్టో నొకదానిని నాలుగు హార్ప్సికార్డుల కన్చెర్టోగా తీర్చినాడు. అంతటి విద్వాంసుడు సాటివాని రచనను చేతితో తిరగవ్రాసి నేర్చుకున్నాడంటే, అమర్పు అనేది దొంగతనం కాదని, అది గురుశుశ్రూష వంటిదని గ్రహించాలి.

మన వైపు చూచినా ఇదే రీతి. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో బ్రిటిషువారి బ్యాండు విని, ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చినారు. ఆంగ్లేయుల రాజగీతపు బాణీకి సైతం దేవీస్తుతి నమర్చినారు. వాటినే నేడు నోట్టుస్వరాలంటున్నాము. వయొలిన్ మన కచేరీలోకి వచ్చినది ఐరోపా నుండే; ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది తెలుగువారి వాద్యమైనది. మన గోదావరి ప్రాంతపు పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి లొంగదీసినాడు. ఇళయరాజా 1986లో వెలువరించిన వాద్య సంకలనంలో బాఖునూ త్యాగరాజునూ ఒకే పందిరి క్రింద కూర్చోబెట్టినాడు. ఇన్ని తలుపులు తెరిచి ఉండగా, మంద్ర ఇత్తడికి మాత్రమే గడియ వేయడం న్యాయం కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. తెలుగునాట సుషిర వాద్యాలకూ ముస్లిం కుటుంబాలకూ ఉన్న అనుబంధం పుస్తకాలలో వెదకి తెలుసుకోవలసినది కాదు. ఒంగోలు సమీపాన కరవదిలో జన్మించిన షేక్ చిన మౌలానా సాహెబు నాదస్వరాన్ని శ్రీరంగం దాకా తీసుకొనిపోయినారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ఆ పరంపరలోనే పద్మశ్రీ నందుకున్నారు. వారి పేర్లు లోకానికి తెలిసినవి. పేరు తెలియని దూదేకుల కుటుంబాలు, ఇతర ముస్లిం కుటుంబాలు ఎన్నో ఊరూరా బ్యాండు మేళాలు నడిపినవి. హిందువుల పెండ్లికి, క్రైస్తవుల పండుగకు, ముసల్మానుల బరాతుకు ఒకే బాజా మోగినది. ఉత్తరాన మీరట్ నగరంలో ముస్లిం కార్మికులు చేతితో సాగగొట్టి తీర్చిన ఇత్తడి వాద్యాలు దేశమంతటా తిరిగినవి.

మేము నొక్కి చెప్పదలచినది ఏమనగా, ఈ బ్యాండు మాస్టార్లు పుట్టుకతోనే అమర్పు విద్య నెరిగినవారు. సినిమా పాటలో పాతిక వయొలిన్లు మోగుతాయి, వేణువు వస్తుంది, గాయని గొంతు వస్తుంది. దానిని రెండుసార్లు విని, సాయంత్రానికల్లా పది మంది ఇత్తడి మనుషులకు పంచిపెట్టే ఉస్తాదు చేసే పనికీ, వైమార్‌లో బాఖ్ చేసిన పనికీ జాతిలో భేదం లేదు. బాఖ్ కాగితం మీద వ్రాసినాడు, ఉస్తాదు చెవిలోనే ఉంచుకున్నాడు. కాగితం మీద ఉన్నది మూడు వందల ఏండ్లు నిలిచినది. చెవిలో ఉన్నది ఆ మనిషితోనే పోతున్నది. నేడు ఊరేగింపులలో డి.జె. పెట్టెలు వచ్చి బ్యాండు మేళాన్ని వీధి నుండి గెంటివేస్తున్నవి. బ్యాండు వాని కుమారుడు కళాశాలలో తండ్రి వృత్తిని అడిగితే తల వంచుకుంటున్నాడు. తలవంపులుగా భావింపబడుతున్న ఆ విద్యయే నిజానికి ఒక పాఠ్యాంశం కాదగినదని చెప్పవలసిన బాధ్యత కళాశాల మీద లేదా?

అమర్పు అంటే ఉన్న స్వరాలను ఎత్తి క్రిందకు దింపడం మాత్రమే అనుకొనరాదు. అందులో కొంత శాస్త్రమున్నది. మొదటి చిక్కు మంద్ర స్థాయి స్వభావంలోనే ఉన్నది. మధ్య స్థాయిలో షడ్జమాన్నీ గాంధారాన్నీ కలిపి పలికిస్తే తీయగా ఉంటుంది. అదే జంటను బాగా క్రిందకు దింపి పెద్ద బాకాల మీద పలికిస్తే చెవికి గరగరమనిపిస్తుంది, బురదలో నడిచినట్లుంటుంది. కనుక అమర్చేవాడు అట్టడుగున షడ్జమ పంచమాలను గాని, షడ్జమాన్నీ దాని పై షడ్జమాన్నీ గాని ఎడంగా ఉంచి, గాంధారాన్ని పైనున్న ట్రాంబోన్‌కు అప్పగించాలి. ఇంటి పునాదికి పెద్ద రాళ్లు, పై గోడకు చిన్న ఇటుకలు వాడినట్లే ఇదీ.

రెండవ చిక్కు ఊపిరి. వయొలిన్ కమాను ఎంతసేపు నడిచినా వాయించేవాడు ఊపిరి కొరకు పాటను ఆపనవసరం లేదు. యుఫోనియం ఊదేవానికి ఊపిరి కావాలి. వివాల్ది వ్రాసిన పొడుగాటి వాక్యాన్ని ఇద్దరికి పంచి, ఒకరు విడిచే స్వరం మీదనే మరొకరు అందుకునేటట్లు కుట్టాలి. నాదస్వర విద్వాంసులిద్దరు జంటగా కూర్చుని ఒకరి పాటను మరొకరు అందుకొనడం చూచినవారికి ఇది కొత్త కాదు. మూడవ చిక్కు వేగం. వయొలిన్ మీద చకచక దొర్లే స్వరాలు పెద్ద గొట్టంలో ఒకదాని కొకటి అంటుకుపోతాయి. వాటిలో ముఖ్యమైన స్వరాలను నిలిపి, తక్కినవాటిని పక్క వాద్యానికి మార్చి మార్చి ఇవ్వాలి, లేదా మొత్తం మీద కాలాన్ని తగ్గించాలి. నాలుగవది హార్ప్సికార్డు సంగతి. బరోక్ కాలంలో ఆధార స్వరం క్రింద అంకెలు వ్రాసి ఇచ్చేవారు. వాటిని చూచి హార్ప్సికార్డు వాద్యకుడు తన బుద్ధితో తక్కిన స్వరాలు నింపేవాడు. మన బృందంలో ఆ పని మధ్య ట్రాంబోన్లది. ఇక శ్రుతి. వయొలిన్‌కు సులువైన శ్రుతులు ఇత్తడికి సులువు కావు. ట్రాంబోనూ యుఫోనియమూ సహజంగా ఆరున్నర శ్రుతి వాద్యాలు. ఆరున్నర, రెండున్నర, నాలుగు శ్రుతులలో అవి ఇంటిలో ఉన్నట్లుంటాయి.

ఒక్క ఉదాహరణతో దీనిని స్పష్టం చేయుదుము. వివాల్ది 1725లో ప్రచురించిన నాలుగు ఋతువుల కన్చెర్టోలలో శీతకాలపు కన్చెర్టో ఒకటి. దాని నడిమి భాగం విలంబ కాలంలో సాగే చిన్న ఖండం, 18 బార్లు మాత్రమే. వెలుపల వాన కురుస్తూ ఉండగా లోపల నెగడు దగ్గర హాయిగా కూర్చున్న మనుషుల స్థితి దాని భావం. వయొలిన్లు కమాను వదలి వేళ్లతో తంత్రులను మీటుతూ వాన చినుకులు రాలుస్తాయి. వయోలా నిడుపాటి స్వరాలు పట్టుకుంటుంది. అడుగున ఆధార స్వరం నిలకడగా అడుగులు వేస్తుంది. వీటన్నిటి మీద ఏకాకి వయొలిన్ శాంతంగా పాడుతుంది. ఇది రెండున్నర శ్రుతిలో, మన శంకరాభరణపు మెట్ల మీద నడుస్తుంది. శ్రుతిని బట్టి ఇత్తడి కొరకే వ్రాసినట్లున్నది. పాటను యుఫోనియానికి ఇద్దాము. స్థాయిని ఒక మెట్టు దింపినా పై స్వరాలు కొత్తవారికి ఎత్తుగా తోస్తే, ఆరున్నర శ్రుతికి దింపుకొందుము. చినుకుల పని రెండు ట్రాంబోన్లది. నాలుక కొనతో తేలికగా, పొట్టిగా ఊదాలి. నిడుపు స్వరాలు రెండవ యుఫోనియానివి. అడుగులు ట్యూబావి. అయిదుగురు మనుషులతో పని ముగుస్తుంది. శ్రావణ మాసంలో రంప కొండల మీద ముసురు పట్టినప్పుడు వెచ్చగా ఇంటిలో కూర్చున్నవారికి ఆ సంగీతపు అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక్కడ మరొక ఆక్షేపణ రావచ్చును. కొండరెడ్ల, కోయల సంగీతం ఇంత దగ్గరగా ఉండగా, దానిని విడిచి దూరదేశపు సంగీతం కొరకు ప్రాకులాడడమెందుకు? ఈ ప్రశ్నను మేము గౌరవిస్తాము. కాని ఒకటి గమనించండి. కోయల కొమ్ము నృత్యంలో మోగే పెద్ద డోళ్ల ధ్వని లోయ దాటి వినబడుతుంది. సన్నని ధ్వని చెట్లకూ గట్టుకూ తగిలి చెదిరిపోతుంది, మంద్ర ధ్వని అడ్డంకులను చుట్టి ముందుకు సాగుతుంది. మంద్ర స్వరపు విలువ నెరిగిన చెవి ఈ కొండలలో ఇదివరకే ఉన్నదన్న మాట. జాతరలలో ఊదే కొమ్ము బూరకు మీటలు లేవు, రంధ్రాలు లేవు. పెదవి బిగింపుతోనే షడ్జమం, పంచమం, పై షడ్జమం, దానిపై గాంధారం పుడతాయి. బరోక్ కాలపు ట్రంపెట్టు సైతం సరిగా ఇదే సూత్రం మీద పలికేది. మన కొమ్మును అర్థం చేసుకున్నవాడు వారి బాకాను అర్థం చేసుకుంటాడు. వారి బాకాను శ్రద్ధగా చదివినవాడు మన కొమ్మును చులకన చేయడు. ఇతరుల విద్య నేర్చుకొనడం వలన మన విద్య పోదు, దానిని నిర్లక్ష్యం చేసినప్పుడే పోతుంది.

ఖర్చు సంగతి కమిటీ పెద్దలు అడుగుతారు. అడగవలసినదే. ట్యూబా చవక వస్తువు కాదు. ఐతే మేము కొత్త వాద్యశాల కోరడం లేదు. మూలపడిన మేళాల ఇండ్లలో గోనె చుట్టి పెట్టిన యుఫోనియాలూ ట్రాంబోన్లూ ఉన్నవి. వాటిని అద్దెకు గాని, ఆ ఉస్తాదులతో సహా గాని పిలిపించవచ్చును. వివాల్ది, బాఖ్ రచనల మీద ఎవరికీ హక్కులు మిగిలి లేవు. వాటిని అమర్చుకొనడానికి ఎవరికీ రుసుము చెల్లించనక్కర లేదు. కావలసినది ముఖ్యంగా వారానికి రెండు సాయంత్రాలు, ఒక గది, కొన్ని కాగితాలు.

మా విన్నపాలు మూడు. మొదటిది, సమీప ప్రాంతపు బ్యాండు మాస్టార్లలో ఒకరినైనా కళాశాలకు గౌరవ వేతనంతో ఆచార్యునిగా ఆహ్వానించండి. అతని చేతిలో డిగ్రీ లేకపోవచ్చును. అతని చెవిలో ఉన్న విద్యకు డిగ్రీ ఇచ్చే సంస్థ ఇంకా పుట్టలేదు. రెండవది, ఉస్తాదు చెప్పినదాన్ని విద్యార్థులు వ్రాసి ఉంచాలి. ఐదు గీతల లిపిలోనూ, సరిగమల లిపిలోనూ ఉంచాలి. ఉర్దూ కుడి నుండి ఎడమకు, తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. ఒకే గదిలో ఈ రెండు వ్రాతలనూ చదువుకొనే మన విద్యార్థులకు మూడవ లిపి నేర్వడం భారం కాజాలదు. మూడవది, రాబోయే వార్షికోత్సవంలో స్వాగతగీతం తరువాత ఆ శీతకాలపు 18 బార్లకు చోటివ్వండి. అవి కొద్ది నిమిషాల పని. ముఖ్య అతిథి ఉపన్యాసంలో ఆపాటి సమయం తగ్గినంత మాత్రాన ఎవరూ చింతించరని మా నమ్మకం.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో బ్యాండు మేళపు ఇంటి నుండి వచ్చినవారుంటే, ఆ సంగతి దాచకండి. మీ తండ్రి భుజం మీది ఇత్తడి బాకా మన దేశంలో ఎన్నో పెండ్లిండ్లకు పునాది శ్రుతి నిచ్చినది. తక్కినవారు ఆ బాకా బరువును ఒక్క పూట మోసి చూడండి. అందరి పాటకూ ఆధారంగా నిలిచినవానికి తన పాట కూడా ఒకటి ఉండాలని అడగడం విపరీతమైన కోరిక కాదు. సంగీతంలో ఆ న్యాయాన్ని ఒకసారి చెవితో విన్నవారు, సంఘంలో వెనుక వరుసను చూచే చూపు కూడా మారక తప్పదని మేము విశ్వసిస్తున్నాము.